ఛందస్సుపై అపోహలు – వాస్తవాలు: మన సీమ ఊళ్ల పేర్లతో

గురువు (బరువుగా పలికే అక్షరం), లఘువు (తేలికగా పలికే అక్షరం), యతి, ప్రాసల నిర్వచనాలు బట్టీ పడితే పరీక్ష దాటగానే మరుపుకొస్తాయి. కడప, కర్నూలు, అనంతపురం పిల్లలకు నోట నానిన ఊళ్ల పేర్లు ఉన్నాయి. వాటి మీదే సరిచూసుకోవచ్చు.

అపోహ: దీర్ఘం ఉంటే గురువు, ఒత్తు ఉన్నా గురువే.

మొదటి సగం నిజం, రెండోది తప్పు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒత్తు తన బరువును ముందున్న అక్షరం మీద వేస్తుంది. ‘గుత్తి’లో త్తి లఘువు, గు గురువు. ‘నంద్యాల’లో నం గురువైంది సున్న వల్ల, ద్యా గురువైంది దీర్ఘం వల్ల. చివర ల లఘువు. గురు లఘువుల గుంపును గణం అంటారు. గురువు, గురువు, లఘువు వరసగా వచ్చాయి కనుక ఇది త గణం. ఐ, ఔ ఎప్పుడూ గురువులే, అందుకే ‘మైదుకూరు’లో మై గురువు. ‘పెనుకొండ’లో పె మాత్రం లఘువు, ఎకారం హ్రస్వం కదా. వట్రుసుడిని ఒత్తుగా లెక్కపెట్టకండి. ‘అమృతము’లో నాలుగూ లఘువులే.

అపోహ: యతి అంటే మొదటి అక్షరమే మళ్లీ రావడం.

వేమన పద్యాల ఛందస్సు ఆటవెలది. ఆ ఛందస్సులోని ఈ పాదం చదవండి:

కడప గుత్తి కదిరి కర్నూలు పెనుకొండ

న (మూడు లఘువులు), హ (గురువు, లఘువు), న అనే మూడు సూర్యగణాలు, ఆపైన త, సల (రెండు లఘువులు, గురువు, లఘువు) అనే రెండు ఇంద్రగణాలు. నాలుగో గణం మొదట ఉన్న ‘క’కు పాదం మొదటి ‘క’తో యతి, అంటే అక్షరాల మైత్రి (పొత్తు). అక్కడ ‘గండికోట’లోని గం వచ్చినా చెల్లుతుంది: క, గ ఒకే వర్గం, అచ్చు రెండింట్లోనూ అకారమే. ‘గుత్తి’లోని గు చెల్లదు. హల్లుకు మైత్రి ఉంది, అచ్చుకు లేదు. అ, ఆ, ఐ, ఔలకు పరస్పరం మైత్రి ఉంది కాబట్టి ‘మైదుకూరు’కు ‘మడకశిర’తో యతి కుదురుతుంది.

అపోహ: ప్రాస అంటే పాదం చివరి శబ్దం.

అది అంత్యప్రాస. పద్యంలో ప్రాస అంటే పాదాల్లోని రెండో అక్షరం. హల్లు మారకూడదు, అచ్చు మారవచ్చు. కడప, మడకశిర కుదురుతాయి. కడప, తాడిపత్రి కుదరవు. రెండో అక్షరంలో డకారం ఉన్నా మొదటిది ఒకచోట లఘువు, ఇంకోచోట గురువు. ఆ తేడా పనికిరాదు.

ఆటవెలదికి ప్రాస నియమం లేదు. అంతమాత్రాన వేమన పద్యం నియమం లేనిదనుకోవడం అన్యాయం. గణాలు, యతి ఉండి తీరాలి. రెండో, నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే.

ఇక అలంకారాల మీద ఒక అపోహ: పోలిక కనబడితే ఉపమ.

‘గండికోట దగ్గర పెన్న పాములా మెలికలు తిరిగింది’ అంటే ఉపమ. ఉపమేయం (పెన్న), ఉపమానం (పాము), సమానధర్మం (మెలికలు తిరగడం), ఉపమావాచకం (లా) నాలుగూ ఉన్నాయి గనుక పూర్ణోపమ. ‘పెన్న పాములా ఉంది’ అంటే సమానధర్మం లోపించింది కనుక లుప్తోపమ. ‘పెన్నే పాము’ అని భేదం లేకుండా చెబితే రూపకం. ‘ఆ మెలికలు చూస్తే అది పామేనేమో’ అని ఊహిస్తే ఉత్ప్రేక్ష.