కొర్ర చేలో కంది సాలు

ప్రకాశం జిల్లా మెట్ట పొలాల్లో ఐదు సాళ్ల కొర్రకు ఒక సాలు కంది వేస్తే రైతుకు రెండు పంటలు దక్కుతాయి. అదే చేలో తుంగ మొలిస్తే గుంటక తోలక తప్పదు. కందీ తుంగా ఆ నేలలోని తేమనూ పోషకాలనూ తీసుకునేవే అయినా, ఒకటి తోడుగా, మరొకటి కలుపుగా పరిణమించడానికి ప్రధాన కారణం అవి ఏ సమయంలో పోటీకి వస్తాయన్నదే.

కొర్ర గింజలు వెయ్యి తూచినా సుమారు 2 నుంచి 3 గ్రాములే ఉంటాయి కనుక, లేత మొలకకు తల్లి గింజ నుంచి అందే ఆహారం స్వల్పం. తుంగకు భూమిలో గడ్డ ఉంటుంది. పైమొక్కను పీకితే ఆకులు చేతికి వస్తాయి గాని గడ్డ లోపలే మిగిలి, కొద్దిరోజుల్లో మళ్లీ మొలకెత్తుతుంది. పైగా ఏ పచ్చని ఆకైనా ఎరుపు కాంతిని పీల్చుకొని, దాని అంచున ఉండే దూర ఎరుపు కాంతిని చాలావరకు తిప్పి పంపుతుంది. ఆ తేడాను గుర్తించిన పక్క మొక్క, తన మీద నీడ పడకముందే కాండాన్ని సాగదీసి పిలకలు తగ్గించుకుంటుంది. మొదటి నెలలో కలుపు తీయకపోతే తరువాత ఎంత ఎరువు వేసినా ఆ నష్టం పూర్తిగా పూడకపోవడానికి ఇదొక కారణం.

కంది ఆ నెలంతా నెమ్మదిగా పెరుగుతుంది. కొర్ర 80, 90 రోజుల్లో కోతకు వస్తే, మధ్యకాలిక కంది రకాలకు 160 నుంచి 180 రోజులు పడుతుంది. కొర్ర కోసిన తరువాత ఖాళీ అయిన జాగాలో కంది కొమ్మలు వేసి, ఈశాన్య రుతుపవనాల వానలను వాడుకుంటుంది. ఇరు రుతుపవనాల వానా అందే ఈ జిల్లాకు ఇది చక్కగా అమరిన జోడీ అని నా అభిప్రాయం.

కంది వేళ్లు విడుదల చేసే పిసిడిక్ ఆమ్లం, ఎర్రనేలల్లో ఇనుముతో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగిస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధకులు 1990లో వెల్లడించారు. నత్రజని విషయంలో మాత్రం ఆశ హద్దు దాటకూడదు. కంది గాలి నుంచి తీసుకొని స్థిరీకరించిన నత్రజనిలో అధిక భాగం దానికే సరిపోతుంది. రాలిన ఆకులు, కుళ్లిన వేళ్ల ద్వారా మిగిలేది ప్రధానంగా తరువాతి పంటకు అందుతుంది.

కాబట్టి కొర్ర దిగుబడి కొంత తగ్గడం సహజమే. విడిగా వేసినప్పటితో పోలిస్తే కొర్ర 80 శాతం, కంది 60 శాతం పండాయనుకుందాం. అంతే పంట విడివిడిగా తీయాలంటే ఎకరానికి బదులు 1.4 ఎకరాలు కావాలి. అయితే స్వల్పకాలిక కంది రకాన్ని ఎంచుకున్నా, కంది సాళ్లను ఒత్తుగా వేసినా, కొర్ర వెన్ను తీసి గింజ కట్టే వేళకే రెండింటి అవసరాలూ ఢీకొని ఈ లెక్క తారుమారవుతుంది.