కొత్త ట్యాబ్‌లో వైఫై సరిగ్గా అందడం లేదా? అపోహలు - వాస్తవాలు

హాల్లో రౌటర్, పడకగదిలో కొత్త ట్యాబ్. అదే గదిలో ఫోన్‌కి నిండా గీతలుంటే ట్యాబ్‌కి రెండే. వీడియో గిరగిరా తిరుగుతూ ఆగిపోతుంది. ట్యాబ్ పాడైందనో, రౌటర్ మార్చాలనో నిర్ణయించుకునే ముందు ఒక్క అంకె చూడండి. అది చూడకుండా కొన్న ఎక్స్‌టెండర్లు (సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంచే పెట్టెలు) చాలా ఇళ్లలో మూలన పడి ఉన్నాయి.

అపోహ: గీతలు తక్కువగా ఉన్నాయంటే ట్యాబ్‌లో లోపం ఉన్నట్టే.

ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నదానికి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే సిగ్నల్‌కి ఒక పరికరం నాలుగు గీతలు, ఇంకొకటి రెండు చూపించవచ్చు. సిగ్నల్ బలానికి అసలు కొలత డీబీఎం. అది మైనస్ అంకె, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. −50 ఉంటే చాలా బాగున్నట్టు. −67 వరకు వీడియో కాల్ సాఫీగా సాగుతుంది. −75 దాటితే ఆగి ఆగి వస్తుంది, −80 దగ్గర కనెక్షన్ నిలవదు. ఇక్కడ 10 తేడా అంటే బలంలో పదింతల తేడా అని గుర్తుంచుకోండి.

ఆండ్రాయిడ్‌లో ఈ అంకె చూడటానికి వైఫై ఎనలైజర్ లాంటి ఉచిత యాప్ చాలు. లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కి అనుమతి ఇవ్వాలి, లేకపోతే జాబితా ఖాళీగా కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ 9 నుంచి స్కాన్లకు పరిమితి పెట్టారు, 2 నిమిషాల్లో నాలుగే. కాబట్టి ఒక్కో చోట నిమిషం పాటు కదలకుండా ఉండి అంకె చూడండి. ఐప్యాడ్‌లో ఆపిల్ వారి ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ వేసుకుని, సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద వైఫై స్కానర్ ఆన్ చేయాలి.

ఇప్పుడు పరీక్ష. ట్యాబ్ కవర్ తీసేయండి. రౌటర్‌కి 2 మీటర్ల దూరంలో, మధ్యలో అడ్డేమీ లేకుండా ఫోన్‌నీ ట్యాబ్‌నీ పక్కపక్కన పెట్టండి. రెండూ ఒకే బ్యాండ్‌లో, అంటే 2.4 గిగాహెర్ట్జ్ లేదా 5 గిగాహెర్ట్జ్‌లో ఏదో ఒకదానిలోనే ఉండాలి. −30 నుంచి −45 మధ్య వస్తే మామూలే, రెండింటికీ ఐదారు తేడా ఉన్నా కంగారు పడక్కర్లేదు. ఫోన్‌కి −38 వచ్చిన చోట ట్యాబ్‌కి ఎటు తిప్పినా −60 వస్తుంటే లోపల యాంటెన్నా వైరు సరిగ్గా తగులుకోలేదని అనుమానించాలి. దాన్ని ఏ సెట్టింగూ బాగుచేయదు. రెండింటి స్క్రీన్‌షాట్లు తీసుకుని, వాపసు గడువు దాటకముందే షాపుకి వెళ్లండి.

అపోహ: ఫోన్‌కి 300 ఎంబీపీఎస్ వస్తోంది, ట్యాబ్‌కి 200 కూడా రావడం లేదు, అంటే సిగ్నల్ అందడం లేదు.

ఇది సిగ్నల్ సంగతి కాకపోవచ్చు. తక్కువ ధర ట్యాబుల్లో చాలావాటికి వైఫైకి ఒకే యాంటెన్నా ఉంటుంది, మంచి ఫోన్లలో రెండుంటాయి. వైఫై 5 తరం పరికరాల్లో ఒక యాంటెన్నాతో లింక్ స్పీడ్ (ట్యాబ్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరే వేగం) సాధారణంగా 433 ఎంబీపీఎస్ వరకు, రెండింటితో 866 వరకు. చేతికందేది అందులో సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులు. అదే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక యాంటెన్నాకి మామూలుగా వచ్చే లింక్ స్పీడ్ 72 మాత్రమే. వైఫై పేరు మీద నొక్కితే చాలా ఆండ్రాయిడ్ ట్యాబుల్లో లింక్ స్పీడ్ కనిపిస్తుంది. రౌటర్ పక్కన కూర్చున్నా 72 దాటకపోతే ట్యాబ్ 2.4లోనే ఉండిపోయిందన్నమాట.

అపోహ: 5 గిగాహెర్ట్జ్‌కి మార్చుకుంటే సమస్య తీరిపోతుంది.

గోడలు లేనంతవరకే. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడల్ని దాటే శక్తి తక్కువ. 9 అంగుళాల ఇటుక గోడలు రెండు అడ్డొస్తేనే బాగా నీరసిస్తుంది, ఇనుప కడ్డీలున్న స్లాబ్ దాటి పై అంతస్తుకి చేరడం ఇంకా కష్టం. దూరపు గదిలో 2.4 నిదానంగా వచ్చినా తెగకుండా వస్తుంది. రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే ట్యాబ్ దేనికి తగులుకుందో తెలియదు. పరీక్ష అయ్యేవరకు రౌటర్ సెట్టింగ్స్‌లో వేర్వేరు పేర్లు పెట్టండి. బ్రౌజర్‌లో కొట్టాల్సిన ఆ పేజీ చిరునామా సాధారణంగా 192.168.1.1, జియో రౌటర్లలో 192.168.29.1.

అపార్ట్‌మెంట్లలో 2.4కి ఉన్న అసలు తలనొప్పి ఇరుగుపొరుగు రౌటర్లు. బ్యాండ్‌ని ఛానెళ్లు అనే చిన్న దారులుగా విడదీశారు. వాటి మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్, సిగ్నల్ వెడల్పు 20. అందుకే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మూడే. ఎనలైజర్‌లో రద్దీ తక్కువున్నది ఎంచుకుని, వెడల్పు 40 ఉంటే 20కి తగ్గించండి. ఖాళీగా ఉంది కదా అని 12, 13 పెట్టకండి. మనకి అవి అనుమతించినవే అయినా అమెరికాలో వాడేది 11 వరకే. అక్కడినుంచి పిల్లలు పంపిన ట్యాబులు కొన్నింటికి 13లో ఉన్న నెట్‌వర్క్ అసలు కనిపించదు.

5 గిగాహెర్ట్జ్‌లో నెట్‌వర్క్ ఉన్నట్టుండి మాయమవుతుంటే ఛానెల్ నంబరు చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునేవి. రౌటర్ రాడార్ జాడ పసిగడితే ఆ ఛానెల్ ఖాళీ చేయాల్సిందే. 36 నుంచి 48 మధ్య పెడితే ఈ బెడద ఉండదు.

అపోహ: ఐప్యాడ్‌లో "వీక్ సెక్యూరిటీ" అని వస్తే సిగ్నల్ వీక్‌గా ఉన్నట్టు.

వీక్ అన్నది భద్రత గురించి. రౌటర్‌లో డబ్ల్యూపీఏ టీకేఐపీ అనే పాత భద్రతా పద్ధతి ఉండిపోయినప్పుడు ఈ మాట వస్తుంది. అయితే వేగానికీ దీనికీ సంబంధం లేకపోలేదు. టీకేఐపీతో లింక్ స్పీడ్ 54 దాటదు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌కి గానీ డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3 మిశ్రమానికి గానీ మార్చండి, రెండూ బాగుపడతాయి.

అపోహ: కవర్‌తో సిగ్నల్‌కి పనేముంది?

ప్లాస్టిక్, రబ్బరు, తోలు కవర్లతో ఇబ్బంది లేదు. లోపల ఇనుప రేకు ఉన్న స్టాండ్ కవర్లు, అల్యూమినియం కీబోర్డ్ కవర్లతోనే చిక్కు. లోహం రేడియో తరంగాల్ని ఆపేస్తుంది. 2011 చివర్లో వచ్చిన ఆసుస్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమ్‌కి అల్యూమినియం వీపు ఉండేది. అందులో జీపీఎస్ సరిగ్గా అందక, 2012లో కంపెనీ విడిగా డాంగిల్ ఇవ్వాల్సి వచ్చింది. అడ్డంగా పట్టుకుని ఆట ఆడేటప్పుడు రెండు అరచేతులూ యాంటెన్నాల్ని కప్పేయవచ్చు. బల్లమీద పెట్టి ఒకసారి, చేత్తో పట్టుకుని ఒకసారి అంకె చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: సిగ్నల్ బూస్టర్ యాప్ వేస్తే గీతలు పెరుగుతాయి.

పెరగవు. ట్యాబ్‌లోని ట్రాన్స్‌మిటర్ శక్తిని యాప్ మార్చలేదు. తీసేయండి.

అపోహ: రౌటర్ పవర్ పెంచితే, లేదా ఒక ఎక్స్‌టెండర్ తగిలిస్తే సరి.

వైఫై రెండువైపులా సాగే సంభాషణ. రౌటర్ ఎంత గట్టిగా అరిచినా, చిన్న బ్యాటరీతో నడిచే ట్యాబ్ ఇచ్చే జవాబు దానికి వినిపించాలి. గీతలు నిండుగా ఉండి పేజీ తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణం. పైసా ఖర్చు లేని పని ముందు చేయండి. రౌటర్‌ని టీవీ వెనకనుంచి, బీరువా పక్కనుంచి, ఫ్రిజ్ మీదనుంచి తీసి, నేలకి మీటరున్నర ఎత్తున నలువైపులా తెరిపి ఉన్న చోట పెట్టండి. యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ పక్కలకి పరుచుకుంటుంది. పై అంతస్తుకి కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచండి.

అప్పటికీ చాలకపోతే ఎక్స్‌టెండర్. దాన్ని సిగ్నల్ అందని గదిలో పెట్టడమే అందరూ చేసే పొరపాటు. తనకే అందనిది అది ఎవరికి పంచుతుంది? ఇంకా −60, −65 వస్తున్న చోట, దారి మధ్యలో పెట్టండి. వినడం, చెప్పడం ఒకే బ్యాండ్‌లో చేసే రకమైతే వేగం దాదాపు సగమవుతుంది. రౌటర్ నుంచి క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగి ఆ చివర రెండో యాక్సెస్ పాయింట్ (వైఫై పంచే పెట్టె) పెట్టుకోగలిగితే అంతకన్నా మంచిది లేదు. ఐప్యాడ్ మాత్రం తాను పట్టుకున్న రౌటర్ సిగ్నల్ −70కి పడేదాకా దగ్గరున్న రెండో యాక్సెస్ పాయింట్‌ని వెతకదు. గది మారాక కూడా పాతదాన్నే పట్టుకుని ఉంటే వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయండి.

అపోహ: బ్లూటూత్ వేరు, వైఫై వేరు.

బ్లూటూత్ నడిచేదీ 2.4లోనే. చాలా ట్యాబుల్లో రెండింటికీ చిప్ ఒకటే, యాంటెన్నా కూడా ఒకటే కావచ్చు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడే వీడియో ఆగుతుంటే ట్యాబ్‌ని 5కి మార్చండి. వంటింట్లో మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపే నెట్ తెగుతుంటే దానికీ ఇదే మందు. ట్యాబ్‌కి తగిలించిన యూఎస్‌బీ 3.0 హబ్ కూడా 2.4లో రొద పుట్టిస్తుంది, తీసి చూడండి.