ఊళ్లో మందులు ఎవరు రాయాలి? గొడవ 1946 నాటిది

2024లో తెలంగాణ మెడికల్ కౌన్సిల్, డాక్టర్ డిగ్రీ లేకుండా ఊళ్లలో వైద్యం చేసే ఆర్‌ఎంపీల క్లినిక్‌ల మీద వరసగా తనిఖీలు చేసి కేసులు పెట్టినప్పుడు జనం రెండుగా చీలిపోయారు. నకిలీ డాక్టర్లను లోపలేయాలని కొందరు, అర్ధరాత్రి జ్వరమొస్తే ఇంటికొచ్చేది వాళ్లేగా అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. అడ్డగోలుగా స్టెరాయిడ్లు, యాంటిబయాటిక్స్ వాడి మనుషుల్ని పాడుచేసే వాళ్లు ఉన్నారు, నాలుగూళ్లకు దిక్కయిన వాళ్లూ ఉన్నారు. అయితే అసలు ఊళ్లో ఆ ఖాళీ ఎందుకుందో ఎవరూ అడగరు. అది వెనకటి చట్టాలు, కమిటీలు చేసిన ఖాళీ.

బ్రిటిష్ కాలంలో మనకు రెండు రకాల డాక్టర్లుండేవారు. మెడికల్ కాలేజీల్లో పూర్తి డిగ్రీ చదివినవాళ్లు ఒకరు, మెడికల్ స్కూళ్లలో తక్కువ కాలం చదివి ఎల్‌ఎంపీ లాంటి లైసెన్స్ తీసుకున్నవాళ్లు మరొకరు. దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పమని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో రిపోర్టు ఇచ్చేనాటికి దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47 వేల పైచిలుకు ఉంటే, వాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ లైసెన్స్ వాళ్లే. ఇకపై ఒకే రకం డాక్టరు చాలు, డబ్బంతా డిగ్రీ చదువుకే పెడదాం అని కమిటీ తేల్చింది. డాక్టర్లు ఇంత తక్కువగా ఉన్నప్పుడు చిన్న కోర్సును ఎత్తేయొద్దని కొందరు సభ్యులు విడిగా రాసిచ్చినా వాళ్ల మాట నెగ్గలేదు. పేదవాడికి తక్కువ రకం వైద్యం ఎందుకన్న ఆశయాన్ని నేను గౌరవిస్తాను, కానీ డిగ్రీ చదివినవాళ్లు ఎక్కువమంది పట్నాల్లోనే ఆగిపోయారు.

తర్వాత 1956లో ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం వచ్చింది. మెడికల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఆధునిక వైద్యం చేయకూడదన్నది దాని సారాంశం. కానీ మందులు ఎవరు రాయొచ్చన్నది డ్రగ్స్ రూల్స్‌లో ఉంటుంది. ఆ రూల్స్‌లోని 2(ఈఈ) నిబంధన ప్రకారం రాష్ట్రాలు నోటిఫికేషన్ ఇచ్చి ఇతర వైద్య విధానాల వాళ్లకూ ఆ హక్కు ఇవ్వొచ్చు. పంజాబ్ 1967లో అలాగే ఇచ్చింది. ఆ తగువు సాగి సాగి 1998లో ముక్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు దగ్గర తేలింది: రూల్ చెల్లుతుంది గానీ, ఆధునిక వైద్యం చేసే అర్హతను ఆ రాష్ట్ర చట్టం గుర్తిస్తేనే. దాంతో ఒక రాష్ట్రంలో ఆయుర్వేద డాక్టరు యాంటిబయాటిక్ రాస్తే చట్టబద్ధం, పక్క రాష్ట్రంలో నేరం. మహారాష్ట్ర 2014లో హోమియో డాక్టర్లకు ఏడాది ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) కోర్సు పెట్టి అల్లోపతి మందులు రాసుకోమంటే అదీ కోర్టుకెక్కింది.

నాకు కోపమొచ్చేది ఛత్తీస్‌గఢ్, అస్సాం సంగతి తలుచుకుంటేనే. 2001లో ఛత్తీస్‌గఢ్ చట్టం చేసి, పల్లెల కోసమే మూడేళ్ల కోర్సు మొదలుపెట్టింది. గొడవలతో కొన్ని బ్యాచ్‌లకే అది ఆగిపోయినా, చదివినవాళ్లను రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో పెట్టారు. మామూలు జబ్బుల చికిత్సలో వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లకు తీసిపోలేదని 2010లో ఒక అధ్యయనం చూపించింది కూడా. అస్సాం 2004లో అలాంటి చట్టమే తెస్తే డాక్టర్ల సంఘం ఐఎంఏ కోర్టుకెళ్లింది, 2014లో గౌహతి హైకోర్టు దాన్ని కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. వైద్య విద్య ప్రమాణాలు కేంద్రం పరిధిలోవి, రాష్ట్రం సొంతంగా మరో రకం డాక్టర్ని తయారుచేయలేదన్నది కారణం. న్యాయపరంగా సరైనదే కావచ్చు. కానీ కేంద్రం తన చేతిలో ఉన్న పని చేసిందా?

మన దగ్గర వైఎస్ హయాంలో ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి, కమ్యూనిటీ పారామెడిక్ సర్టిఫికెట్ ఇవ్వాలని మొదలుపెట్టారు. అది మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ఆర్‌ఎంపీల ఓట్లు గుర్తొచ్చినప్పుడల్లా హామీలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

కేంద్రం కదిలింది 2017 డిసెంబర్‌లో. నేషనల్ మెడికల్ కమిషన్ బిల్లులో ఆయుష్ (ఆయుర్వేద, హోమియో లాంటి) డాక్టర్లు అల్లోపతి మందులు రాసేందుకు బ్రిడ్జి కోర్సు పెట్టారు. డాక్టర్లు 2018 జనవరి 2న ఓపీలు ఆపేసి నిరసన తెలిపారు, బిల్లు పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి వెళ్లింది, ఆ క్లాజు పోయింది. 2019లో వచ్చిన చట్టంలో దాని బదులు సెక్షన్ 32 కనిపించింది: ఆధునిక వైద్యంతో సంబంధమున్న కొందరికి కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్‌గా పరిమిత లైసెన్స్. వాళ్ల సంఖ్య డాక్టర్ల సంఖ్యలో మూడో వంతు దాటకూడదు, సొంతంగా మందులు రాయడం ప్రాథమిక, నివారణ వైద్యం వరకే, అవీ నిర్దేశించిన మందులే. దీని మీదా జూలై 31న దేశమంతా సమ్మె. 2020లో ఆయుర్వేద పీజీలకు 58 రకాల శస్త్రచికిత్సల జాబితా ఇచ్చినప్పుడు, డిసెంబర్ 11న మళ్లీ ఓపీలు మూతపడ్డాయి. ఆపరేషన్ల విషయంలో డాక్టర్ల భయం నాకు అర్థమవుతుంది. మత్తు ఇచ్చేదెవరు, ఆపరేషన్ మధ్యలో పరిస్థితి తిరగబడితే చూసేదెవరు అన్నవి గట్టి ప్రశ్నలు.

సెక్షన్ 32 మీద మాత్రం నేను వాళ్లతో ఏకీభవించను. ఆంధ్రలో విలేజ్ క్లినిక్‌లలో ఇప్పటికే బీఎస్సీ నర్సింగ్ చదివిన ఎంఎల్‌హెచ్‌పీలు (డాక్టరుకూ నర్సుకూ మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బంది) బీపీ, షుగర్ చూస్తున్నారు, మందులిస్తున్నారు. ఏ మందు వాళ్లు సొంతంగా ఇవ్వొచ్చు, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి, తేడా వస్తే జవాబుదారీ ఎవరిది అన్నది స్కీమ్ సర్క్యులర్లకు వదిలేయకుండా చట్టం కిందే రాసిపెట్టాలి.