'ఫైల్ ఫొటో' అని రాస్తే సరిపోతుందా? యుద్ధ బాధితుల పాత చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

స్మారక దినం దగ్గరపడితే చాలు, ఫొటో డెస్క్ మీద టెన్షన్ మొదలవుతుంది. జనవరి 27న నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ విముక్తి, ఆగస్టు 6న హిరోషిమా అణుదాడి. పేజీ వదిలే టైం అవుతుంటుంది. ఏజెన్సీ లైబ్రరీలో పేరు కొట్టి, మొదటి వరసలో కనబడ్డ బొమ్మ ఒకటి తీసి, కింద 'ఫైల్ ఫొటో' అని పెట్టి పంపేస్తారు. ఆ బొమ్మలో ఉన్నవాళ్ళు చావు తప్పించుకుని బయటపడ్డ మనుషులు. కొందరు ఇప్పటికీ ఉన్నారు. లేనివాళ్ళకు పిల్లలు, మనవలు ఉన్నారు. ఆ పేజీ వాళ్ళూ చూస్తారు. ఫొటో డెస్క్‌లో పనిచేస్తూ తరచూ వినే మాటలు, వాటి వెనక నిజాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆర్కైవ్‌ క్యాప్షన్ అధికారికం. అలాగే వాడుకోవచ్చు.

వాస్తవం: ఆ క్యాప్షన్ రాసింది కూడా ఒక మనిషే. యుద్ధం మధ్యలో, తనకు తెలిసినంతలో, తన పక్షాన నిలబడి రాశాడు.

1944 సెప్టెంబరు 3న చైనాలోని యునాన్‌లో అమెరికా సైన్యం సిగ్నల్ కోర్ (సమాచార విభాగం) ఫొటోగ్రాఫర్ తీసిన చిత్రం ఒకటుంది. నలుగురు మహిళలు, వాళ్ళ పక్కన ఒక చైనా సైనికుడు. మట్టిగట్టుకు చేరగిలబడి ఉన్నామె గర్భిణి. నిలబడే ఓపిక కూడా లేదని చూడగానే తెలుస్తుంది. అప్పటి క్యాప్షన్ ప్రకారం వాళ్ళు పట్టుబడ్డ జపాన్ అమ్మాయిలు. 2000లో ఉత్తర కొరియాకు చెందిన పాక్ యోంగ్‌సిమ్ అనే వృద్ధురాలు ఆ గర్భిణి తానేనని చెప్పారు. ఆమె జపాన్ పౌరురాలు కాదు. జపాన్ సైన్యం 'కంఫర్ట్ విమెన్' అని పేరు పెట్టి లైంగిక బానిసలుగా చేసుకున్న కొరియా మహిళల్లో ఒకరు. యాభై ఆరేళ్ళపాటు ఆ ఫొటో కింద ఆమె పేరు లేదు, ఆమె దేశం లేదు, ఆమెకు జరిగిన నేరమూ లేదు. ఇవాళ ఆ పాత క్యాప్షన్‌నే దించేస్తే వాటిని మళ్ళీ చెరిపేసినట్టే.

ఇంకో చిత్రం. నాజీలు ఖైదీలను మరణశిబిరాలకు తరలించిన, నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ శిబిరం నుంచి 1944 మే 19న బయల్దేరిన రైలు తలుపు సందులోంచి, తలకు గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి చూస్తూ ఉంటుంది. యూదుల వేదనకు గుర్తుగా ఆ ముఖాన్ని దశాబ్దాలపాటు అచ్చువేశారు. 1994లో డచ్ జర్నలిస్టు ఆడ్ వాఖెనార్ ఆరా తీస్తే తేలిందేమిటంటే ఆ పిల్ల యూదు కాదు, నాజీలు వేటాడిన మరో మైనారిటీ అయిన సింతీ తెగకు చెందిన సెట్టెలా స్టైన్‌బాఖ్. తొమ్మిదేళ్ళది. ఆష్విట్జ్‌లో చంపేశారు. సింతీ, రోమా ప్రజల మీద జరిగిన మారణహోమాన్ని అప్పటికే లోకం పెద్దగా పట్టించుకోలేదు. తప్పు క్యాప్షన్ వల్ల ఆ ప్రజలకు తమ పిల్ల ముఖం కూడా దక్కలేదు.

అందుకే పాత క్యాప్షన్ వాడాల్సి వస్తే కొటేషన్‌లో పెట్టి, అది ఎవరు ఎప్పుడు రాశారో చెప్పాలి. మన క్యాప్షన్ మనం విడిగా రాసుకోవాలి.

అపోహ: అది విముక్తి రోజున తీసిన ఫొటో.

వాస్తవం: ఆష్విట్జ్ ముళ్ళకంచె వెనక చారల బట్టల్లో నిలబడ్డ పిల్లల బొమ్మ చాలామంది చూసే ఉంటారు. అది విడిగా తీసిన ఫొటో కాదు, సోవియట్ సైన్యంతో వచ్చిన అలెగ్జాండర్ వొరొంత్సోవ్ బృందం తీసిన ఫిల్మ్‌లో ఒక ఫ్రేమ్. సోవియట్ సేనలు అక్కడికి చేరింది 1945 జనవరి 27న. చిత్రీకరణ మాత్రం ఆ తర్వాత కొన్ని నెలలు సాగింది. ఆ పిల్లలు తొడుక్కున్నవి పెద్దవాళ్ళ సైజు ఖైదీ జాకెట్లు. అదే ఫిల్మ్‌లో జాకెట్ చేతులు పైకి మడిచి, ఒంటిమీద పొడిచిన తమ ఖైదీ నంబర్లు చూపిస్తారు.

అలాగని అది కల్పితం కాదు. ఆ పిల్లలు నిజం, చేతుల మీద పొడిచిన నంబర్లు నిజం. కానీ 'జనవరి 27న తీసిన చిత్రం' అని మనం తేలిగ్గా రాసేస్తే, మారణహోమమే జరగలేదని వాదించేవాళ్ళు ఆ ఒక్క తప్పును పట్టుకుంటారు. వాళ్ళకు ఆ అవకాశం మన చేతులతో ఇవ్వకూడదు. 'విముక్తి తర్వాత సోవియట్ బృందం చిత్రీకరించిన ఫిల్మ్ నుంచి' అని రాయడానికి ఒక్క లైన్ చాలు.

అపోహ: క్రాప్ చేయడం డిజైన్ వ్యవహారం, దాంతో అర్థం మారదు.

వాస్తవం: మారుతుంది. 1944 ఆగస్టులో ఆష్విట్జ్‌లోని సొండర్‌కమాండో ఖైదీలు (శవాలను దహనం చేసే పని బలవంతంగా చేయించినవాళ్ళు) ప్రాణాలకు తెగించి రహస్యంగా నాలుగు ఫొటోలు తీశారు. వాటిలో రెండింటికి చుట్టూ నల్లటి అంచు ఉంటుంది. ఫొటో తీసిన మనిషి దాక్కున్న ద్వారం అది. తర్వాత చాలా చోట్ల ఆ నలుపు అనవసరమని కోసేసి, దూరంగా కనిపించే దృశ్యాన్ని పెద్దది చేసి వేశారు. ఆ నలుపుతోపాటు తీసినవాడి భయం, సాహసం కూడా పోయాయి. ఎవరో తీరిగ్గా నిలబడి తీసినట్టు కనిపిస్తుంది. ఈ ఉదాహరణ తెలిశాక, ఏ పాత ఫొటో అయినా పూర్తి ఫ్రేమ్ చూడకుండా నేను పేజీకి పంపను.

వియత్నాంలో 1972 జూన్ 8న తీసిన, నాపామ్ నిప్పుబాంబుకు కాలి పరుగెత్తుతున్న చిన్నపిల్ల కిమ్ ఫుక్ చిత్రమూ అంతే. అందరికీ తెలిసిన రూపంలో కుడిపక్క కోసేసి ఉంటుంది. పూర్తి ఫ్రేమ్‌లో అక్కడ మరో ఫొటోగ్రాఫర్ కనిపిస్తాడు. ఇంకో తప్పు కూడా ఈ ఫొటో కింద మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ నాపామ్ వేసింది అమెరికా విమానం కాదు, దక్షిణ వియత్నాం వైమానిక దళ విమానం. ఇక ఫొటో తీసిందెవరన్న వివాదంతో 2025లో ఫొటో అవార్డులిచ్చే వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ, అప్పటిదాకా క్రెడిట్‌లో ఉన్న నిక్ ఉట్ పేరును పక్కన పెట్టింది. వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) మాత్రం ఆయన క్రెడిట్‌ను కొనసాగించింది. కాబట్టి క్రెడిట్ లైన్ కూడా అలవాటుగా రాసేది కాదు.

ఇప్పుడు మనిషి చేయని క్రాప్ కూడా ఉంది. మొబైల్ థంబ్‌నెయిల్‌ను సిస్టమ్ దానంతటదే కోసేస్తుంది. తల తెగిపోవచ్చు, నగ్నంగా ఉన్న దేహమే మధ్యలోకి రావచ్చు. పబ్లిష్ కొట్టేముందు అది కూడా తెరిచి చూసుకోవాల్సిందే.

అపోహ: కాపీరైట్ లేదంటే ఎలాగైనా వాడుకోవచ్చు.

వాస్తవం: అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో తీసిన ఫొటోలకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు, నిజమే. అది డబ్బు కట్టాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు. ఫొటోలోని మనిషిని అడిగారా అన్నది వేరే ప్రశ్న.

అపోహ: ముఖం కనిపిస్తేనే పాఠకుడు కదులుతాడు. ఇన్నేళ్ళ తర్వాత ఎవరికి నష్టం?

వాస్తవం: బంగ్లాదేశ్ యుద్ధంలో అత్యాచారానికి గురైన ఒక మహిళ, జుట్టుతో, పిడికిళ్ళతో ముఖం కప్పుకున్న చిత్రాన్ని నైబుద్దీన్ అహ్మద్ తీశారు. ముఖం అసలు కనబడదు. 1971 యుద్ధం అనగానే గుర్తొచ్చే చిత్రాల్లో అదొకటి.

నష్టం సంగతికొస్తే, 1992లో ఢాకాలో యుద్ధ నేరాలపై జరిగిన గణ అదాలత్‌కు (ప్రజా న్యాయస్థానానికి) కుష్టియా ప్రాంతం నుంచి ముగ్గురు బాధిత మహిళలు వచ్చారు. వాళ్ళ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. యుద్ధం ముగిసి ఇరవై ఏళ్ళు దాటినా, ఊరికి తిరిగి వెళ్ళాక వాళ్ళు సూటిపోటి మాటలు పడ్డారు. మానవ శాస్త్రవేత్త నయనికా ముఖర్జీ దీన్ని వివరంగా నమోదు చేశారు. గౌరవించాలనే ఉద్దేశంతో వేసిన ఫొటోలే అవి.

అలాగని బాధితుల ఫొటోలన్నీ దాచిపెట్టమని కాదు. నాగసాకి అణుదాడిలో వీపంతా కాలిపోయిన సుమితెరు తనిగుచి, తన గాయాల ఫొటోను 2010లో ఐక్యరాజ్యసమితి వేదిక మీద తనే ఎత్తి చూపించారు. చూడమని అడిగింది ఆయన. ఎవరిది వేయాలన్నది వాళ్ళ మాటను బట్టే తేలాలి. వాళ్ళు లేకపోతే కుటుంబాన్ని, వాళ్ళతో పనిచేసే సంఘాలను అడగాలి. ఒక్క ఫోన్‌తో తేలే విషయాన్ని కూడా 'టైం లేదు' అని వదిలేయడం నాకు నచ్చదు.

అపోహ: రంగులద్దితే కొత్త తరానికి దగ్గరవుతుంది.

వాస్తవం: 2021 ఏప్రిల్‌లో వైస్ మీడియా సంస్థ, ఖ్మేర్ రూజ్ పాలకులు వేలమందిని హింసించి చంపిన కంబోడియాలోని తువోల్ స్లెంగ్ జైలు ఖైదీల చిత్రాలను రంగుల్లో ప్రచురించింది. రంగులద్దిన వ్యక్తి కొన్ని ముఖాలకు చిరునవ్వు కూడా తగిలించాడని బయటపడింది. కంబోడియా ప్రభుత్వం ఖండించాక వాటిని తీసేశారు. చంపబోయే ముందు తీసిన ఫొటోకి నవ్వు పెట్టడం కంటే ఘోరం ఏముంటుంది? 2025లో ఆష్విట్జ్ మ్యూజియం, ఏఐతో తయారుచేసిన బాధితుల బొమ్మలు సోషల్ మీడియాలో తిరుగుతున్నాయని హెచ్చరించింది. లేని మనుషుల ముఖాలు చూపిస్తే ఉన్న మనుషుల సాక్ష్యాన్నీ జనం అనుమానిస్తారు.

అపోహ: ఇలాంటి పొరపాట్లు వాట్సాప్‌లోనే, పెద్ద సంస్థల్లో జరగవు.

వాస్తవం: 2012లో సిరియాలోని హౌలా మారణకాండ వార్తకు బీబీసీ వెబ్‌సైట్ 2003లో ఇరాక్‌లో తీసిన చిత్రం వాడింది. తీసిన ఫొటోగ్రాఫర్ మార్కో డి లౌరో చూసి చెప్పాక తొలగించారు.

అపోహ: సవరణ వేశాం కదా, అయిపోయింది.

వాస్తవం: సవరణ ఆ వార్త కింద ఉంటుంది, తప్పు క్యాప్షన్ మాత్రం లైబ్రరీ రికార్డులో అలాగే కూర్చుంటుంది. వచ్చే ఏడాది ఇంకో సబ్ ఎడిటర్ అదే పేరు కొడితే అదే ఫొటో, అదే తప్పు వస్తాయి. కాబట్టి సరిదిద్దాల్సిన చోట్లు మూడు: ఫొటో లైబ్రరీ రికార్డు, ఆ ఫొటో వాడిన పాత కథనాలన్నీ, ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఏజెన్సీ లేదా ఆర్కైవ్.