తప్పు కుర్రాడిదే అనుకుందాం, ఆ తర్వాత?

విశాఖ బీచ్ రోడ్డులో ఎక్కడ బైకు పడినా చుట్టూ మూగిన జనం నోట మొదట వచ్చే మాట ఒకటే. "కుర్రగుంటలకి బళ్లిచ్చేసి రోడ్డు మీదకి వదిలేస్తున్నారు." పక్కనున్నాయన "స్పీడు, ఏం స్పీడు!" అంటాడు. అక్కడితో విచారణ పూర్తయిపోతుంది. పడినవాడికి ఇరవై ఏళ్లు ఉంటే రెండో ప్రశ్న అడిగేవాళ్లుండరు. ఆ అడగని ప్రశ్నల్లోనే రేపటి ప్రాణాలు ఉన్నాయని చెప్పడానికే ఈ వ్యాసం. అలాగని జనం అనే మాట తప్పేం కాదు. వేగం మనం ఊహించేదానికన్నా చాలా క్రూరమైనది. ముందు ఆ లెక్కే చూద్దాం.

జోడుగుళ్లపాలెం దగ్గర రోడ్డుకి ఒక పక్క మత్స్యకారుల ఇళ్లు, రెండో పక్క సముద్రం. ఒకావిడ చేపల గంపతో రోడ్డు దాటుతోంది అనుకుందాం. 20 మీటర్ల దూరంలో ఉండగా బైకు మీద వచ్చే కుర్రాడు ఆమెను చూశాడు. కన్ను చూసి, మెదడు గ్రహించి, చెయ్యి బ్రేకు నొక్కేసరికి సుమారు ఒక సెకను పడుతుంది. అతను గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ సెకనులో 11 మీటర్లు వచ్చేస్తాడు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 9 మీటర్లలో ఆగుతాడు. ఆమెకి తిట్టడానికి అవకాశం ఉంటుంది, అతనికి క్షమాపణ చెప్పుకోవడానికి అవకాశం ఉంటుంది.

అదే 60లో వస్తుంటే మొదటి సెకనులోనే దాదాపు 17 మీటర్లు అయిపోతాయి. బ్రేకు పట్టుకునేసరికి మిగిలేది 3 మీటర్లు. ఆ కాస్త దూరంలో వేగం 60 నుంచి 55కి తగ్గుతుంది, అంతే. ఒకడు పూర్తిగా ఆగిన చోట ఇంకొకడు 55తో గుద్దుతాడు. 12 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడితే నేల తాకేటప్పుడు ఉండే వేగం అది. ఇక 80లో వచ్చేవాడి చెయ్యి బ్రేకుని తాకకముందే గుద్దడం అయిపోతుంది. అతని చేతిలో ఎంత గొప్ప బ్రేకు ఉన్నా ఆమెకి ఉపయోగం లేదు.

దీనికి కారణం బడిలో చదువుకున్నదే. కదిలే వస్తువుకి ఉండే శక్తి వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 40 నుంచి 60కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, శక్తి రెండుంబావు రెట్లు. మలుపులోనూ ఇదే సూత్రం. కైలాసగిరి కింద నుంచి రుషికొండ వైపు వెళ్లే వంపుల్లో 40కి సరిపోయిన టైరు పట్టు, 60లో రెండుంబావు రెట్లు కావాలి. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మీద, తొలకరి వానకి నూనె తేలిన తారు మీద అంత పట్టు దొరకదు. స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ ప్రమాదాల విషయంలో ఈ లెక్క తేల్చాడు. ఒక రోడ్డు మీద సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాలు సుమారు 4 శాతం పెరుగుతాయి. ఇంత చేసి మిగిల్చుకునేదేమిటి? పది కిలోమీటర్ల దూరం ఎక్కడా ఆగకుండా 60లో వెళ్తే పది నిమిషాలు, 80లో వెళ్తే ఏడున్నర.

మరి కుర్రాళ్లే ఎందుకు? 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లే. దాదాపు 44 శాతం మంది టూవీలర్ల మీద పోయారు. ప్రపంచం మొత్తం మీద 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్లని ఏ జబ్బుకన్నా ఎక్కువగా చంపుతున్నది రోడ్డే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"పొగరు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, ఈ వయసు మెదడు గురించి శాస్త్రవేత్తలు చాలా ఓపికగా పని చేశారు. నుదుటి వెనక ఉండే భాగం ముందూ వెనకా చూసుకుని ఆగమని చెప్పే భాగం. అది పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవైల మధ్యకి వస్తాం. ఉత్సాహాన్ని, మెప్పుని రుచి చూపించే లోపలి భాగాలు మాత్రం టీనేజీలోనే జోరుగా పనిచేస్తుంటాయి. 2005లో అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీకి చెందిన మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మందితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, కానీ గోడ అడ్డొస్తే అన్నీ పోతాయి. పక్కన స్నేహితులుంటే టీనేజీ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికన్నా బాగా ఎక్కువ తెగించారు. 18 నుంచి 22 ఏళ్ల వాళ్లలోనూ ఆ ప్రభావం కనిపించింది. 24 దాటినవాళ్లలో తేడా లేదు. 2011లో స్టైన్‌బర్గ్ బృందం మెదడుని స్కాన్ చేస్తూ ఇలాంటి ఆటే ఆడించింది. స్నేహితులు పక్క గదిలోంచి చూస్తున్నారని తెలిస్తే చాలు, కుర్రాళ్లలో మెప్పుకి స్పందించే భాగాలు ఎక్కువగా వెలిగాయి. ట్రిపుల్స్ వెళ్లే బండి మీద బరువు ఒక్కటే సమస్య కాదు. వెనక కూర్చున్న ఇద్దరూ నడిపేవాడి నిర్ణయాన్ని మార్చేస్తున్నారు, వాళ్లు నోరు విప్పకపోయినా సరే.

ఇంకో సంగతి కూడా ఉంది, దీనికి పొగరుతో సంబంధమే లేదు. 1972లో మౌరంట్, రాక్‌వెల్ అనే పరిశోధకులు కొత్త డ్రైవర్ల చూపు ఎక్కడ పడుతుందో కొలిచారు. కొత్తవాళ్లు బండికి దగ్గరగా, ఎదురుగానే చూస్తారు. అద్దాల్లోకి తక్కువ చూస్తారు. అనుభవం ఉన్నవాళ్ల చూపు దూరానికి, పక్కలకి తిరుగుతూ ఉంటుంది. ఆగి ఉన్న ఆటో పక్క నుంచి పిల్లాడు రావచ్చు, బస్సు ముందు నుంచి ఎవరో దాటవచ్చు అనే అనుమానం అలవాటు మీద వస్తుంది. ఎంత మంచి కుర్రాడైనా మొదటి రోజుల్లో అది ఉండదు. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె తిప్పడం వల్లా రాదు.

పెద్దవాళ్లం ఇది చదివి తల ఊపి ఊరుకోకూడదు. 1981లో ఓలా స్వెన్సన్ అడిగితే అమెరికా విద్యార్థుల్లో 93 శాతం మంది తాము సగటు డ్రైవర్‌కన్నా నేర్పరులమని చెప్పుకున్నారు. స్వీడన్‌లో 69 శాతం. ఎదుటివాడు గుద్దితే వాడి గుణం గుర్తొస్తుంది, మనం గుద్దితే ఎండ, గొయ్యి, హార్న్ కొట్టని లారీ గుర్తొస్తాయి. తప్పు ఎవరిది అన్న ప్రశ్నకి మన మనసు ఇచ్చే జవాబు ఈ వంకరతోనే మొదలవుతుంది.

ఇప్పుడు ఆ రెండో ప్రశ్న: కుర్రాడి తప్పుతో పాటు ఇంకేం కారణాలు ఉన్నాయి? ప్రమాదాల్లో తొంభై శాతానికి పైగా మనిషి తప్పే అన్న మాట మీరు వినే ఉంటారు. ఆ మాటకి బలమైన ఆధారం 1979లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ చేసిన అధ్యయనం. ఒక్కో ప్రమాదాన్నీ విప్పి చూస్తే దాదాపు 93 శాతం వాటిలో మనిషి లోపం కనిపించింది. కానీ అదే అధ్యయనంలో 34 శాతం ప్రమాదాల్లో రోడ్డు, పరిసరాల లోపం, 13 శాతంలో వాహన లోపం కూడా కనిపించాయి. మూడూ కూడితే 140. ఒకే ప్రమాదానికి రెండు మూడు కారణాలు కలిసి ఉంటాయి కాబట్టే మొత్తం నూరు దాటింది. మనం మొదటి అంకెని మాత్రం పట్టుకుని మిగతా రెండింటినీ వదిలేశాం. మన కేంద్ర రవాణా శాఖ 2022 లెక్కల్లోనూ 71 శాతం మరణాలకి అతివేగమే కారణమని ఉంది. అక్కడ ఒక్కో ప్రమాదానికి ఒక్క కారణం కిందే టిక్కు పడుతుంది. వేగం గడిలో పడ్డ ప్రమాదానికి వెలగని వీధి లైటు కూడా తోడైందేమో ఆ పట్టిక చెప్పదు.

నాకు ముఖ్యంగా అనిపించేది ఇదే. కారణాలు వాటాలు వేసుకునే ఆస్తి కాదు. రోడ్డు వేసినవాడి బాధ్యత చెబితే కుర్రాడి బాధ్యత తగ్గిపోదు. 80లో వెళ్లాలని యాక్సిలరేటర్ తిప్పింది అతని చెయ్యే. కానీ పందొమ్మిదేళ్లవాడు స్నేహితుల ముందు తెగిస్తాడని ముందే తెలిసినవాళ్లం మనం. తెలిసి ఏం చేశామన్నది మన లెక్క.

ఎంసెట్‌లో ర్యాంకు వస్తే బైకు అని మాటిచ్చే తండ్రి లెక్క ఒకటి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం మైనరుకి బండి ఇచ్చిన తల్లిదండ్రులకో, యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా పెట్టింది. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. నిర్ణీత ప్రమాణాల ప్రకారం రోడ్డు వెయ్యని కాంట్రాక్టరుకీ, డిజైన్ చేసినవాళ్లకీ అదే చట్టం లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. జైలు ఊసు లేదు. ఆ తేడా చూస్తే నాకు కష్టంగానే ఉంటుంది.

రోడ్డు లెక్క ఇంకా పెద్దది. మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్య నుంచే పోతుంది. లారీలూ, కాలేజీ పిల్లలూ, కూరల సంచులతో బస్సు దిగేవాళ్లూ అందరూ అదే తారు మీద. వెడల్పుగా, తిన్నగా కనిపించే రోడ్డు నడిపేవాడిని తోసుకుపొమ్మంటుంది. పక్కన ఉన్న బోర్డు మీద ఏ అంకె రాసినా చెయ్యి నమ్మేది రోడ్డునే. పైగా 2018లో కేంద్రం ఇచ్చిన గరిష్ఠ పరిమితి పట్టణాల్లో బైకుకి 60, కారుకి 70. ఊళ్లో 50 దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 చాలని 2020లో స్టాక్‌హోమ్ ప్రకటన చెప్పింది. మన గంపావిడని గుద్దిన కుర్రాడు 60లో వస్తే, అతను కేంద్రం పెట్టిన ఆ పరిమితి దాటనట్టే!

స్వీడన్ పార్లమెంటు 1997లో ఒక తీర్మానం చేసింది. మనుషులు పొరపాట్లు చేస్తారు, ఆ పొరపాటుకి మరణశిక్ష పడకుండా రోడ్డు కట్టడం కట్టేవాళ్ల పని అని దాని సారం. ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసర్ దినేశ్ మోహన్ మన దేశంలో దశాబ్దాల పాటు ఇదే వాదించారు. నీతిబోధతో వేగం తగ్గదు, రోడ్డు ఆకారంతో తగ్గుతుంది అని. ఎత్తుగా కట్టిన క్రాసింగు, ఇరుకు చేసిన మలుపు, మధ్యలో ఆగి నిలబడేందుకు చోటు, వెలిగే దీపం. ఇవన్నీ నడిపేవాడు మంచివాడా కాదా అని చూడవు. మన ఊరికి ఇది కొత్త కూడా కాదు. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరిప్రదక్షిణకి 32 కిలోమీటర్ల మేర వాహనాలని మళ్లించి, రోడ్లని నడిచేవాళ్లకి ఇస్తున్నాం. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున వాకింగ్ వాళ్ల కోసం బళ్లు ఆపుతున్నాం. ఇవి చేసి చూపించిన ఊరు, ఇంటికీ సముద్రానికీ మధ్య రోజూ తిరిగే జాలరుల కోసం మూడు వందల అరవై రోజులూ నాలుగు అడుగుల దారి ఎందుకు ఇవ్వలేదు?

బండి తయారుచేసేవాళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. టైరు లాక్ అవకుండా చూసే ఏబీఎస్ 2019 నాటికి 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ తప్పనిసరి అయ్యింది. కుర్రాళ్లలో చాలామంది నడిపేవి ఆ లోపువే. వాటికి రెండు బ్రేకులూ కలిపి పనిచేసే ఏర్పాటుతో సరిపెట్టారు.

రోడ్డు మారేదాకా ఇంట్లో చెయ్యగలిగింది ఉంది. న్యూజిలాండ్ 1987లో కొత్త డ్రైవర్లకి లైసెన్సుని మెట్లుమెట్లుగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి దశల్లో రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా నడపకూడదు, స్నేహితులని ఎక్కించుకోకూడదు. పైన చెప్పిన మెదడు పరిశోధనలకి ఇది అచ్చంగా సరిపోయే మందు. మన దగ్గర అలాంటి చట్టం లేదు, కానీ బండి తాళం మన చేతిలోనే ఉంటుంది కదా. మొదటి ఏడాది వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దనీ, రాత్రి పది దాటాక బండి తియ్యొద్దనీ తాళం ఇచ్చే రోజే చెప్పండి. క్లిప్పు పెట్టిన హెల్మెట్ తల గాయం ముప్పుని 69 శాతం తగ్గిస్తుందని పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది, అది బండితో పాటే కొనండి. ఒక ఆదివారం ఖాళీ మైదానానికి తీసుకెళ్లి ముందు బ్రేకు నొక్కడం నేర్పండి. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది కాబట్టి ఆపే బలంలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. "ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావురా" అన్న భయంతో పెరిగిన పిల్లలు ఆపదలో కాలి బ్రేకొక్కటే తొక్కుతారు, వెనక టైరు జారి పడతారు. 20లో మొదలుపెట్టి 30, 40 దాకా, ఎన్ని మీటర్లలో ఆగుతోందో వాడితోనే అడుగులు వేయించి కొలిపించండి.