డిస్ట్రాయర్ ఆయుష్షు ఎన్నేళ్లు?

డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 1980 మే 4న నాటి సోవియట్ యూనియన్‌లోని పోతి రేవులో మన నౌకాదళంలో చేరింది. 41 ఏళ్లు పనిచేశాక, 2021 మే 21న విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో పతాకం దించి దానికి వీడ్కోలు పలికారు. అమెరికా నిర్మించిన 31 స్ప్రూయన్స్ తరగతి డిస్ట్రాయర్లలో ఒక్కటి కూడా కొలువులో 30 ఏళ్లు పూర్తి చేయలేదు.

ఈ తేడాకు కారణం ఉక్కు కాదు. నిజమే, ఉక్కు అలసిపోతుంది. అల శిఖరం ఓడ నడుము కిందికి వచ్చినప్పుడు ముందు వెనకల కొసలు వేలాడతాయి; రెండు శిఖరాలు రెండు కొసలనూ ఎత్తిపట్టినప్పుడు నడుము కిందికి కుంగుతుంది. కంటికి ఆనని ఈ వంపు లక్షలసార్లు జరిగేసరికి వెల్డింగ్ అతుకుల దగ్గర సన్నని పగుళ్లు పుడతాయి. తుప్పు సంగతి సరేసరి. అందుకే తమను తాము కరిగించుకొని ఉక్కును కాపాడే జింకు దిమ్మలను ఓడ అడుగున బిగిస్తారు. ఓడను డ్రై డాక్‌లోకి, అంటే నీళ్లు తోడేసి మరమ్మతు చేసే రేవులోకి చేర్చి, పలచబడిన రేకులను కోసి కొత్తవి అతుకుతారు. ఓడను నడిపే గ్యాస్ టర్బైన్ ఇంజన్లనైతే ఏకంగా బయటికి తీసి వేరేవి దించవచ్చు.

అసలు చిక్కు రాడార్లు, క్షిపణులు, కంప్యూటర్లతో వస్తుంది. కొత్త రాడార్‌కు మరింత విద్యుత్తు, దాన్ని చల్లబరచే ఏర్పాటు, చోటు కావాలి. పై అంతస్తుల్లో బరువు పెరిగేకొద్దీ ఓడ గురుత్వ కేంద్రం పైకి జరిగి నిలకడ తగ్గుతుంది. కాబట్టి నమూనా గీసే రోజునే రేపటి బరువుకు, విద్యుత్తుకు చోటు వదలాలి; ఓడ ఆయుష్షును అన్నింటికన్నా ఎక్కువగా నిర్ణయించేది ఈ ముందుచూపేనని నా అభిప్రాయం. అయినా అదొక్కటే చాలదు. స్ప్రూయన్స్ ఓడలు విశాలమైనవే, వాటి దేహపు నమూనా మీదే, రాడార్లను, క్షిపణులను కంప్యూటర్లతో కలిపి నడిపే ఏజిస్ వ్యవస్థ గల టైకాండెరోగా తరగతి క్రూయిజర్ యుద్ధనౌకలను కట్టారు. కానీ పాత ఓడలను నడుపుతూ, ఆధునికీకరించే ఖర్చును కొత్త ఏజిస్ ఓడలకు పెట్టడమే మేలని అమెరికా నౌకాదళం తలచింది. వాటిలో చాలావాటిని గురిపెట్టే లక్ష్యాలుగా వాడి సముద్రంలో ముంచేశారు. రాజ్‌పుత్ దారి వేరు. అది వయసు మీదపడ్డాకే బ్రహ్మోస్ ప్రయోగాలకు వేదికైంది. 2003లో ఆ క్షిపణిని దాని మీదనుంచి ప్రయోగించారు.

1991లో కొలువులో చేరిన అమెరికా డిస్ట్రాయర్ ఆర్లీ బర్క్‌కు 35 ఏళ్ల లెక్కన 2026తో గడువు ముగియాలి. 2023లో ఆ గడువును మరో ఐదేళ్లు పెంచి 2031కి జరిపారు.