పిల్లులకు వచ్చే అలర్జీ దురదకు మందులు: అపోహలు – వాస్తవాలు

అపోహ: పిల్లి ఒంటి మీద ఒక్క పురుగూ కనపడలేదు కాబట్టి దాని దురద ఫ్లీ (రక్తం పీల్చే చిన్న పురుగు) కాటు వల్ల వచ్చే అలర్జీ కాదు.

వాస్తవం: పిల్లి నాలుకే దువ్వెన. దురద పుట్టిన పిల్లి నాక్కుంటూ పురుగుల్ని మింగేస్తుంది. అలర్జీ రేగడానికి నాలుగు కాట్లు చాలు. సన్నపళ్ల దువ్వెనతో తోక మొదట్లో దువ్వి, రాలిన నల్ల నలకల్ని తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా పాకితే అది ఫ్లీ విసర్జించిన రక్తం. నలకలు దొరకకపోయినా సరే, ఇంట్లోని పిల్లులు, కుక్కలు అన్నిటికీ రెండు మూడు నెలలు వరుసగా ఫ్లీ మందు వేయాల్సిందే. గూట్లో ఉన్న ఫ్లీ ప్యూపాను (పురుగుగా మారే ముందు దశను) మందు చంపదు, అవి వారాల తరబడి పొదుగుతూనే ఉంటాయి.

అపోహ: కుక్కకు వేసే ఫ్లీ చుక్కల మందునే మోతాదు తగ్గించి పిల్లికి వేయొచ్చు.

వాస్తవం: వద్దు, ప్రాణం పోతుంది. కుక్కల మందుల్లో కొన్నిటిలో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. పిల్లి కాలేయం దాన్ని త్వరగా వదిలించుకోలేదు. వణుకు, ఆపై ఫిట్స్ వస్తాయి. పొరపాటున వేస్తే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి, తుడిచి, అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కుక్కల పురుగులకు వాడే అమిట్రాజ్ మందు స్నానాలూ పిల్లికి పనికిరావు.

అపోహ: గోళీ మింగించే బాధ లేకుండా నెలల తరబడి పనిచేసే ఒక్క ఇంజెక్షన్ మేలు.

వాస్తవం: ఇది మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ అనే స్టిరాయిడ్. దురద ఇట్టే తగ్గుతుంది, నిజమే. కానీ ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయలేం. మళ్లీ మళ్లీ వేస్తే మధుమేహం రావచ్చు, లోపల గుండె జబ్బు దాగి ఉంటే అది బయటపడొచ్చు. నీళ్లు ఎక్కువ తాగినా, మూత్రం పెరిగినా వెంటనే షుగర్ చూడాలి.

స్టిరాయిడ్‌నే ప్రెడ్నిసొలోన్ గోళీగా ఇస్తే మోతాదు మన చేతిలో ఉంటుంది. కిలోకు రోజుకు 1–2 మి.గ్రా.తో మొదలుపెట్టి, దురద అణిగాక రోజు విడిచి రోజుకు, ఆపై వీలైనంత తక్కువకు దించుతాం. చీటీ మీద ‘ప్రెడ్నిసోన్’ ఉంటే అడిగి మార్పించుకోండి. పిల్లుల్లో అది సరిగా పనిచేసే రూపంలోకి మారదు. గోళీ తర్వాత సిరంజితో 5 మి.లీ. నీళ్లు పట్టండి, లేకపోతే గొంతులో అతుక్కుంటుంది.

అపోహ: సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచి దురద తగ్గించే మందు) రెండు వారాలిచ్చినా తగ్గలేదంటే ఇక పనిచేయదు.

వాస్తవం: నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి తీర్పు చెప్పాలి. దీర్ఘకాలానికి స్టిరాయిడ్ కన్నా మేం మొగ్గేది దీనివైపే. మోతాదు కిలోకు రోజుకు 7 మి.గ్రా. అంటే 4 కిలోల పిల్లికి 28 మి.గ్రా.; మి.లీ.కు 100 మి.గ్రా. ఉండే ద్రావణమైతే 0.28 మి.లీ. సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో కొలవండి. బాగయ్యాక రోజు విడిచి రోజుకు, తర్వాత వారానికి రెండుసార్లకు తగ్గించవచ్చు. వేసవి అని ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, జెల్లీలా గడ్డకడుతుంది.

మొదట్లో వాంతి, విరేచనం మామూలే. కొద్ది తిండిలో కలిపిస్తే చాలా పిల్లులు తట్టుకుంటాయి. తిండి మానేసినా, బరువు తగ్గుతున్నా మాత్రం మందు ఆపి వైద్యుల్ని కలవాలి. మొదలుపెట్టే ముందే ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్‌లు) పరీక్షలు చేయించాలి, తామర (ఫంగస్ చర్మ జబ్బు) లేదని తేల్చుకోవాలి. మందు నడిచినన్నాళ్లూ పచ్చి మాంసం పెట్టకండి, ఎలుకల వేటకు వదలకండి. వాటి నుంచి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే ఈ మందు మీద ఉన్న పిల్లికి ప్రాణాంతకం కావచ్చు.

అపోహ: మనం వేసుకునే జలుబు, దురద గోళీలో సగం ఇస్తే చాలు.

వాస్తవం: ఈ గోళీల్లో ఉండే యాంటీహిస్టమిన్‌ల (అలర్జీ మందుల) ప్రభావం పిల్లుల్లో బలహీనం. జలుబు గోళీల్లో పారాసెటమాల్ కలిసి ఉంటే అది పిల్లికి విషం.

అపోహ: మందుతో దురద తగ్గింది, కాబట్టి ఆహార అలర్జీ కాదు.

వాస్తవం: స్టిరాయిడ్ ఆహార అలర్జీనీ కొంత అణుస్తుంది. తేల్చుకోవాలంటే పిల్లి ఇదివరకు తినని కొత్త ప్రొటీన్ లేదా హైడ్రొలైజ్డ్ (ప్రొటీన్‌ను చిన్న ముక్కలు చేసిన) ఆహారం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టాలి, చివరి రెండు వారాలైనా స్టిరాయిడ్ లేకుండా చూడాలి. మధ్యలో ఒక చేప ముక్క, చెంచాడు పాలు పెట్టినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఎనిమిది వారాల తర్వాత పాత తిండి పెట్టి చూడండి. దురద తిరిగొస్తేనే అది ఆహార అలర్జీ అని చెప్పగలం.